మధ్యాహ్నం మాత్రమే ట్రిప్ అవుతున్న 5 హెచ్‌పీ బోరు మోటారు: ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ పెంచొచ్చా?

మాగాణి_గట్టు
5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. బోరు 110 మీటర్లు, మోటారు 90 మీటర్ల దగ్గర ఉంది. డీఓఎల్ స్టార్టర్ (మోటారుకి కరెంటు నేరుగా ఇచ్చే రకం). దాంట్లో థర్మల్ ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేది), రేంజ్ 9 నుంచి 14 ఆంపియర్లు, 9.5 మీద పెట్టి ఉంది. నేమ్‌ప్లేట్ మీద కూడా 9.5 ఆంపియర్లే. రాత్రి ఆరు గంటలు ఆగకుండా నడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వేస్తే 40, 45 నిమిషాలకి రిలే పడిపోతుంది. పది నిమిషాలాగి రీసెట్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది, కానీ ఈసారి అరగంట కూడా ఉండదు. మెకానిక్ వచ్చి "రిలే వీకైంది, 12 మీద పెట్టేస్తా, లేదంటే రిలే తప్పించి డైరెక్ట్ చేసేస్తా" అన్నాడు. ఒప్పుకోలేదు. రిలే నిజంగా వీకవుతుందా? ఎండకి ఇట్లా చేస్తుందా? 12 పెడితే ఏమవుతుంది?

వైండింగ్_కడప
12 పెడితే ఏమవుతుందంటే మోటారు పైకి తీయాల్సొస్తుంది. 90 మీటర్ల పైపు, కేబులు, కూలీ, రివైండింగ్, అన్నీ కలిపి లెక్కేసుకో. పెట్టనివ్వకపోవడం మంచి పని.

వరికంకి
మా వైపు అందరూ రిలే తీసేసి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చి) పెట్టేస్తున్నారు. సీ-16 ఎంసీబీ, అంటే 16 ఆంపియర్లది, చాలు, ఈ గొడవ ఉండదు.

ప్యానెల్_బాలానగర్
@వరికంకి గొడవ ఉండదు నిజమే, కాపలా కూడా ఉండదు. లెక్క చూడు. ఒక ఫేజ్ పోయిందనుకో. మోటారు అదే లోడు లాగుతుంటే మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు కనీసం 1.73 రెట్లవుతుంది. 9.5 కి అది 16.4 ఆంపియర్లు. సీ-16 ఎంసీబీ తన రేటింగ్‌కి 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు వచ్చినా గంట లోపల పడకూడదని స్టాండర్డే చెప్తుంది. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లొస్తే గంటలోపు పడాలి. కాబట్టి 16.4 దగ్గర అది కదలను కూడా కదలదు, ఈలోపు వైండింగ్ అయిపోతుంది. అదే రిలే అయితే 16.4 అంటే సెట్టింగ్‌కి 1.7 రెట్లు. క్లాస్ 10 రిలే (క్లాస్ అంటే ఎంత వేగంగా పడుతుందో చెప్పే తరగతి) వేడెక్కి ఉన్నప్పుడు 1.5 రెట్లకే 4 నిమిషాల్లోపు పడి తీరాలి.

ఎంసీబీ కాపాడేది వైరుని. మోటారుని కాపాడేది రిలే. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడమే అన్ని అనర్థాలకీ మూలం.

వరికంకి
మరి ఫ్యూజు ఉంది కదా?

ప్యానెల్_బాలానగర్
15 ఆంపియర్ల రేటింగ్‌కి వేసే 25 గేజి రాగి తీగ (సుమారు అర మిల్లీమీటరు మందం) కరగాలంటే దగ్గర దగ్గర 30 ఆంపియర్లు కావాలి. కిట్‌క్యాట్ (పింగాణీ ఫ్యూజు) తీగ ఎప్పుడూ రేటింగ్‌కి రెండింతలైతే గానీ కరగదు. పైగా మన దగ్గర అందులో ఉండేది ఫ్యూజు తీగ ఎక్కడ, కేబులు లోంచి పీకిన పోగులు.

రిటైర్డ్_సబ్‌స్టేషన్
అసలు ప్రశ్నకొద్దాం. థర్మల్ రిలే లోపల మూడు ఫేజులకీ మూడు బైమెటల్ పట్టీలుంటాయి. రెండు లోహాలు కలిపి అతికించిన పట్టీ అది. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి దాదాపు సాగదు, దాంతో పట్టీ వంగుతుంది. సాగని వైపు నికెలు 36 శాతం ఉన్న ఇనుము, ఇన్వార్ అంటారు. 1896లో గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్త కనిపెట్టాడు, ఆ పనికే ఆయనకి 1920లో నోబెల్ వచ్చింది. వంగిన పట్టీ ఒక ప్లాస్టిక్ స్లైడర్‌ని తోస్తుంది, స్లైడర్ వెళ్లి రిలే మీద 95-96 అని నంబర్లున్న కాంటాక్టు విడదీస్తుంది. ఆ కాంటాక్టు కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి, విడదీసే అయస్కాంత స్విచ్చి) కాయిల్‌తో సిరీస్‌లో ఉంటుంది కాబట్టి కాయిల్‌కి కరెంటు పోయి మోటారు ఆగుతుంది.

దీన్నుంచి అర్థం చేసుకోవాల్సిందేంటంటే పట్టీ వంగేది వేడికి. ఆ వేడి మోటారు కరెంటు వల్లా రావచ్చు, బయట నుంచీ రావచ్చు. అందుకే మంచి రిలేలో కాంపెన్సేషన్ కోసం ఇంకో బైమెటల్ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి వేడెక్కినప్పుడు అదీ అదే దిక్కుకి వంగి తేడాని సరిచేస్తుంది. దానికి హద్దుంది. స్టాండర్డ్ ప్రకారం పరీక్ష 40 డిగ్రీల దాకానే. కంపెనీ కేటలాగుల్లో సాధారణంగా 55 లేదా 60 దాకా అని ఉంటుంది. రేకు డబ్బా ఎండలో ఉంటే లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు.

"రిలే వీకవడం" అరుదు. షార్ట్ సర్క్యూట్ దాని గుండా పోయినప్పుడు పట్టీ శాశ్వతంగా వంగిపోవచ్చు. అప్పుడు మార్చడమే.

మాగాణి_గట్టు
డబ్బా వేపచెట్టు కింద కాదు, కరెంటు స్తంభానికి బిగించి ఉంది. పడమటి ఎండ నేరుగా తగులుతుంది. అయితే ఎండేనా కారణం?

టాంగ్‌టెస్టర్
కొలవకుండా ఎండ అనీ అనొద్దు, రిలే అనీ అనొద్దు. మధ్యాహ్నం వేసిన అరగంటకి, అంటే పడిపోయే ముందు, ఇవి రాసి పెట్టండి:
వోల్టేజి ఆర్-వై, వై-బీ, బీ-ఆర్, మూడూ (ఆర్, వై, బీ అంటే మూడు ఫేజులు). స్టార్టర్ అవుట్‌పుట్ దగ్గర, మోటారు తిరుగుతుండగా.
కరెంటు ఆర్, వై, బీ, మూడూ. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఒక్కో తీగకి విడిగా. మూడూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.
డబ్బా లోపల ఉష్ణోగ్రత. మామూలు థర్మామీటర్ చాలు, ఏ కరెంటు భాగానికీ తగలకుండా పైన వేలాడదీసి తలుపు మూయండి.
ఇవే మళ్లీ రాత్రి తొమ్మిదికి.
రబ్బరు చెప్పులు, ఒక చెయ్యి వెనక్కి. తడిచేత్తో డబ్బా తెరవొద్దు.

కృష్ణా_కాలువ
ఈలోపు డబ్బా మీద తడి గోనెసంచి కప్పితే?

రిటైర్డ్_సబ్‌స్టేషన్
వద్దు. కరెంటు డబ్బాకి నీళ్లు కారే గోనెసంచి! ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ముట్టుకున్నవాడు పోతాడు. నీడ కావాలంటే డబ్బాకి నాలుగంగుళాల ఎడంగా పైన రేకు వంచి పెట్టండి, మధ్యలో గాలి ఆడాలి. తెల్ల పెయింటు వేసినా ఉపయోగమే.

వైండింగ్_కడప
ఇంకోమాట. రీసెట్ బటన్ దగ్గర "మాన్యువల్ / ఆటో" అని చిన్న తిప్పుడు ఉంటుంది, చాలా రిలేల్లో వరుసగా హెచ్, ఏ అని ఉంటుంది. అది ఏ మీద ఉందేమో చూడు. ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారుని తనంతట తానే వేసేది) కూడా ఉండి, రిలే కూడా ఆటోలో ఉంటే, పడటం, చల్లారడం, మళ్లీ వెయ్యడం, రోజంతా అదే పని. ప్రతి స్టార్టుకీ ఆరు రెట్ల కరెంటు. షాపుకొచ్చే మోటార్లలో సగం అట్లా కాలినవే అనిపిస్తుంది నాకు.

మాగాణి_గట్టు
హెచ్ మీదే ఉంది. ఆటో స్టార్టర్ 24 గంటల కరెంటు వచ్చినప్పుడే తీసేశాం.

రిటైర్డ్_సబ్‌స్టేషన్
మంచిది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలిచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది అందుకే. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజి కూలబడుతుంది. దానికి తోడు నీళ్లు చాలాక కూడా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

వరికంకి
మధ్యలో ఒక ప్రశ్న. మిక్సీ కింద ఎర్ర బటన్ కూడా ఇదేనా? ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఆగిపోయింది.

ప్యానెల్_బాలానగర్
సూత్రం ఒకటే. చిన్న బైమెటల్ ఓవర్‌లోడ్, చేత్తో రీసెట్ చేసేది. ప్లగ్ తీసి, జార్‌లో పిండి సగం తగ్గించి, ఐదు పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కు. వెంటనే నొక్కితే పట్టీ ఇంకా వంగే ఉంటుంది, పట్టుకోదు. జార్ ఖాళీగా ఉన్నా పడిపోతుంటే బేరింగు బుష్ బిగిసింది.

రైస్ కుక్కర్‌లో ఉండేది మాత్రం బైమెటల్ కాదు. గిన్నె కింద అయస్కాంతానికి అతుక్కునే ఫెర్రైట్ ముక్క. సుమారు 103 డిగ్రీలకి దాని అయస్కాంత గుణం పోతుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె అడుగు 100 దాటదు. నీళ్లు ఇంకిపోగానే వేడి పెరుగుతుంది, ఫెర్రైట్ విడిపోతుంది, స్ప్రింగు స్విచ్చిని కిందికి తన్నుతుంది. నాకు ఎప్పటికీ అబ్బురమే ఈ స్విచ్చి. ఎలక్ట్రానిక్స్ ఒక్క ముక్క లేకుండా అన్నం ఉడికిందో లేదో దానికి తెలుస్తుంది.

టాంగ్‌టెస్టర్
గీజర్లో రెండూ ఉంటాయి, థర్మోస్టాట్ ఒకటి, దాని పైన కటౌట్ ఒకటి. కటౌట్ పదే పదే పడుతుంటే దాన్ని షార్ట్ చేయించుకోకండి. అది పడిందంటే సాధారణంగా థర్మోస్టాట్ కాంటాక్టు అతుక్కుపోయిందని అర్థం. కిందిది మార్చాలి, పైది కాదు. ఇక బోరు మోటారుకే వద్దాం.

మాగాణి_గట్టు
కొలిచాను. మధ్యాహ్నం 1:30, వేసిన అరగంటకి:
వోల్టేజి: ఆర్-వై 372, వై-బీ 377, బీ-ఆర్ 385
కరెంటు: ఆర్ 9.5, వై 9.8, బీ 11.3
డబ్బా లోపల 63 డిగ్రీలు.
రాత్రి 9:00:
వోల్టేజి: ఆర్-వై 396, వై-బీ 401, బీ-ఆర్ 408
కరెంటు: ఆర్ 8.9, వై 9.2, బీ 10.6
డబ్బా లోపల 41. బయట 33 ఉంది.

వరికంకి
బీ ఫేజే ఎక్కువ లాగుతోంది. బీ ఫేజ్ వైండింగ్ పోయినట్టుంది.

టాంగ్‌టెస్టర్
తొందరపడొద్దు. రిలే వైపు నుంచి చూడండి ముందు. 11.3ని 9.5తో భాగిస్తే 1.19. రిలే సెట్టింగ్‌కి 1.05 రెట్ల దగ్గర రెండు గంటల్లోపు పడకూడదు, 1.2 రెట్ల దగ్గర రెండు గంటల్లోపు పడాలి. అంటే ఒక పట్టీ అంచు మీద ఉంది, దానికి 63 డిగ్రీల డబ్బా తోడైంది. పడిపోయింది. రాత్రి 10.6 అంటే 1.12, డబ్బా చల్లగా ఉంది, పట్టుకుని నిలబడుతోంది. రిలే తన పని తూచా తప్పకుండా చేస్తోంది. 12 పెట్టి ఉంటే ఈ 11.3 ఎవరికీ తెలియకుండా రోజూ వైండింగ్‌ని కాల్చేది.

ఇప్పుడు అసలు సంగతి: ఫేజుల మధ్య ఎందుకింత తేడా? మూడు కరెంట్ల సగటు 10.2. ఎక్కువ ఉన్నది దానికంటే 1.1 ఎక్కువ, అంటే 10.8 శాతం. 5 శాతం దాటితే వదిలేయకూడదు.

ప్యానెల్_బాలానగర్
వోల్టేజి సగటు 378. బాగా దూరంగా ఉన్నది 385, తేడా 7, అంటే 1.85 శాతం. వోల్టేజిలో ఒక శాతం తేడా ఉంటే కరెంటులో 6 నుంచి 10 శాతం తేడా వస్తుంది. లెక్క సరిపోయింది. అంటే అనుమానం సప్లై మీదే, మోటారు మీద కాదు.

వైండింగ్_కడప
అనుమానం సరే, రుజువు కావాలి. లీడ్లు తిప్పి చూడు. స్టార్టర్ నుంచి మోటారుకి పోయే మూడు తీగలకి గుర్తులు పెట్టుకో: 1, 2, 3. ఇప్పుడు ఆర్‌కి 1, వై‌కి 2, బీ‌కి 3 ఉన్నాయనుకో. మెయిన్ ఆపేసి, టెస్టర్‌తో మూడూ చచ్చాయని చూసుకుని, మూడింటినీ ఒక్కో అడుగు జరుపు. ఆర్‌కి 3, వై‌కి 1, బీ‌కి 2. కరెంటు చూడు. మళ్లీ ఒక అడుగు: ఆర్‌కి 2, వై‌కి 3, బీ‌కి 1. మళ్లీ చూడు. మూడూ కలిపి జరుపుతున్నాం కాబట్టి తిరిగే దిక్కు మారదు. రెండు మాత్రమే అటూఇటూ మార్చావో, ఉల్టా తిరుగుతుంది, జాగ్రత్త.

ఎక్కువ కరెంటు ప్రతిసారీ బీ లైన్లోనే కనపడితే సప్లై తప్పు. 3 నంబరు తీగతో పాటు జరుగుతుంటే మోటారో, కేబులో, కేబులు జాయింటో.

కృష్ణా_కాలువ
కేబులు సైజు అడగలేదు ఎవరూ. 2.5 స్క్వేరా (చదరపు మిల్లీమీటర్లు) 4 స్క్వేరా?

మాగాణి_గట్టు
4 స్క్వేర్ రాగి ఫ్లాట్ కేబులు. దాదాపు 100 మీటర్లు.

ప్యానెల్_బాలానగర్
అది పర్లేదు. 4 స్క్వేరుకి కిలోమీటరుకి 5 ఓమ్‌లు వేసుకుంటే 100 మీటర్లకి అర ఓమ్, 10 ఆంపియర్లకి 7 వోల్టుల చిల్లర పోతుంది. 2.5 అయితే 11 పోయేవి. ఏదైనా మూడు ఫేజుల్లోనూ సమానంగా పోతుంది కాబట్టి ఈ తేడాకి కారణం అది కాదు.

మాగాణి_గట్టు
వైండింగ్ అన్న చెప్పినట్టే మూడుసార్లు తిప్పి చూశా. బీ లైన్లో 11.3, 11.2, 11.4. మూడుసార్లూ బీ‌లోనే ఎక్కువ. అంటే లైన్‌మన్‌కి బీ ఫేజ్ చూడమని చెప్పాలా?

రిటైర్డ్_సబ్‌స్టేషన్
ఆగండి. కరెంటు ఎక్కువున్న ఫేజే దోషి అనుకోవడం ఇందాకటి పొరపాటే. వోల్టేజి కొలతలు మళ్లీ చదవండి. బీ-ఆర్ 385, అదే అన్నిటికంటే బాగుంది. తగ్గినవి ఆర్-వై, వై-బీ. రెండింట్లోనూ ఉన్నది వై. వై ఫేజ్ దారిలో ఎక్కడో రెసిస్టెన్సు ఉంది, అక్కడ వోల్టులు పడిపోతున్నాయి. ఆ లోటుని మోటారు పక్క ఫేజ్ మీద రుద్దుతుంది, అందుకే బీ లాగుతోంది. ఒక ఫేజ్ పూర్తిగా పోయినప్పుడు మిగతా రెండూ పెరగడం చూస్తాం కదా, ఇది దానికి పావలా వంతు.

పగలూ రాత్రీ ఒకేలా ఉంది ఆ తేడా. 11 కేవీ లైను లోపమైతే గంటగంటకీ మారుతుంది. మీ డబ్బాలోనే వెతకండి. మెయిన్ స్విచ్, కిట్‌క్యాట్లు, స్టార్టర్ అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయా? వై ఫేజ్ కిట్‌క్యాట్ పింగాణీ రంగు ఎలా ఉంది?

మాగాణి_గట్టు
మూడు కిట్‌క్యాట్లూ స్టార్టర్ కిందే ఉన్నాయి, అదే డబ్బా. మధ్యది కొంచెం గోధుమరంగుకి తిరిగింది. అది పాతబడి అలా అయిందనుకున్నా.

టాంగ్‌టెస్టర్
దొరికింది. మోటారు తిరుగుతుండగా మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ వై కిట్‌క్యాట్ వచ్చే స్క్రూ మీద, రెండోది అదే కిట్‌క్యాట్ పోయే స్క్రూ మీద. ఫేజుకీ ఫేజుకీ మధ్య కాదు, అదే ఫేజ్ అటూ ఇటూ. బాగున్న కిట్‌క్యాట్ అర వోల్టు కూడా చూపించదు. మీటర్ ముందు 750 రేంజ్ మీదే పెట్టండి. మధ్యలో తీగ తెగితే పూర్తి వోల్టేజి కనిపిస్తుంది.

మాగాణి_గట్టు
ఆర్ 0.3. బీ 0.2. వై 12 వోల్టులు!

ప్యానెల్_బాలానగర్
12 వోల్టులు, 9.8 ఆంపియర్లు. గుణిస్తే 118 వాట్లు. ఆ డబ్బాలో రిలేకి సరిగ్గా కింద పాతకాలపు 100 వాట్ల బల్బు లాంటిది వెలుగుతోందనుకోండి. రాత్రి బయట 33 ఉంటే లోపల 41 ఎందుకుందో ఇప్పుడర్థమైంది. రిలేని ఇది రెండు వైపుల నుంచి తంతోంది: కరెంటు తేడా చేసి ఒక పట్టీని వేడెక్కిస్తోంది, గాలిని వేడి చేసి మూడింటినీ వేడెక్కిస్తోంది.

వైండింగ్_కడప
ఎందుకిట్లా అవుతుందంటే, కిట్‌క్యాట్ పట్టే ఇత్తడి క్లిప్పు స్ప్రింగు పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే రెసిస్టెన్సు, రెసిస్టెన్సుకి వేడి, వేడికి స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు. అల్యూమినియం తీగ నేరుగా స్క్రూ కింద పెట్టినా ఇంతే. అల్యూమినియం మెత్తన, నొక్కుకుపోతుంది, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. నెలకోసారి బిగించాలి, లేకపోతే తీగ కొనకి లగ్గు (నొక్కి బిగించే లోహపు తొడుగు) కొట్టించాలి.

వరికంకి
గరుకు కాగితంతో రుద్దితే సరిపోదా? కొత్తది ఎందుకు?

రిటైర్డ్_సబ్‌స్టేషన్
నల్లబడటం వరకే అయితే రుద్దొచ్చు. రంగు మారిందంటే క్లిప్పు కాలి మెత్తబడిందని. రుద్దితే మెరుపొస్తుంది, పట్టు రాదు. పదిహేను రోజులకి మళ్లీ ఇక్కడికే వస్తారు.

ప్యానెల్_బాలానగర్
నేనైతే ఆ మూడు కిట్‌క్యాట్లూ తీసేసి హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్టు కరెంటునైనా తెంచగల మూసిన ఫ్యూజు) బేసులు పెడతాను. స్టార్టర్ కేటలాగులో ఏ హెచ్‌పీకి ఎంత బ్యాకప్ ఫ్యూజు అని పట్టిక ఉంటుంది. 5 హెచ్‌పీ డీఓఎల్‌కి సాధారణంగా 20 లేదా 25 ఆంపియర్లు. స్టార్టింగులో 57 దాకా వెళ్లినా సబ్‌మెర్సిబుల్ సెకను లోపే స్పీడందుకుంటుంది, ఫ్యూజు తట్టుకుంటుంది. షార్టయితే రిలే పట్టీలు వంగిపోకముందే ఫ్యూజు తెగుతుంది. పని చేసేటప్పుడు స్తంభం దగ్గర సప్లై లైన్‌మన్‌తో ఆపించాకే, మెయిన్ స్విచ్ మీద నమ్మకంతో కాదు.

దోహా_ఎలక్ట్రిషన్
ఇక్కడ ఎండలు మన దగ్గరికంటే ఘోరం. ప్యానెల్ ఎండలో ఉంటే దానికి డబుల్ రూఫ్ తప్పనిసరి. కింద గాలి వచ్చే కన్నాలు, పైన పోయే కన్నాలు, లోపల జల్లెడ. కన్నాలకి జల్లెడ లేకపోతే బల్లులు దూరతాయి, కాంటాక్టర్లో పడి ఫేజులు కలుస్తాయి. ఇంకోటి, రిలే 9-14 రేంజ్‌లో 9.5 అంటే డయల్ మొదట్లో ఉంది. ఇంకోసారి మార్చాల్సొస్తే 9.5 మధ్యలో పడే రేంజ్ తీసుకోండి, డయల్ చివర్ల కంటే మధ్యలో ఖచ్చితం.

కృష్ణా_కాలువ
అంతా సరే. 10 మీద పెట్టుకుంటే తప్పేంటి? 5 శాతమే కదా. వేసవిలో వోల్టేజి 380 కి పడిపోతే మోటారు ఎలాగూ 10 దాకా లాగుతుంది.

వైండింగ్_కడప
నేను ఒప్పుకోను. సబ్‌మెర్సిబుల్ వైండింగ్ సన్నగా, ఇరుకుగా ఉంటుంది, చుట్టూ పారే నీళ్లే దాని చల్లదనం. వేడి దాచుకునే ఒళ్లు దానికి లేదు. అందుకే దానికి క్లాస్ 10 కంటే నిదానమైన రిలే పెట్టకూడదంటారు. నేమ్‌ప్లేట్ దాటొద్దు.

ప్యానెల్_బాలానగర్
నేను కొంచెం పక్కకొస్తాను. 1.05 వరకు రిలే ఎలాగూ పడదు. అంటే 9.5 సెట్టింగ్ తోనే దాదాపు 10 దాకా నడుస్తుంది. కాబట్టి డయల్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. స్టార్-డెల్టా (పెద్ద మోటారుని ముందు తక్కువ వోల్టేజితో లేపే స్టార్టర్) ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క యథాతథంగా వాడొద్దు. అందులో రిలే సాధారణంగా డెల్టా లోపల, వైండింగ్‌తో సిరీస్‌లో ఉంటుంది. నేమ్‌ప్లేట్ కరెంటుకి 0.58 రెట్లు పెట్టాలి. 15 హెచ్‌పీకి 21 ఆంపియర్లుంటే రిలే 12.2 మీద. అక్కడ 21 పెట్టినవాళ్లని చాలామందిని చూస్తుంటాం. అంటే రిలే ఉన్నా లేనట్టే.

టాంగ్‌టెస్టర్
@మాగాణి_గట్టు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ రిలే పట్టుకోలేనిది ఒకటుంది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తినే తిరిగితే కరెంటు పెరగదు, తగ్గుతుంది. చల్లబరిచే నీళ్లు లేక మోటారు కాలుతుంటే రిలే చల్లగా కూర్చుని ఉంటుంది. వేసవిలో నీళ్లు దిగిపోయే బోరుకి డ్రై రన్ ప్రొటెక్షన్, అంటే కరెంటు ఒక హద్దు కంటే తగ్గితే ఆపేది, విడిగా పెట్టాలి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారు ఆపేది) ఉంటే అందులోనే ఈ సౌకర్యం ఉందేమో చూడండి.

వరికంకి
అయితే రిలే మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా, బాగుందనుకోవచ్చా?

ప్యానెల్_బాలానగర్
లేదు. టెస్ట్ బటన్ 95-96 విడిపోతోందా, కాయిల్ వైరింగ్ దాని గుండానే వెళ్తోందా అని మాత్రమే చెప్తుంది. పట్టీలు సరైన కరెంటుకి వంగుతున్నాయా అనేది దాంతో తెలీదు. అది చూడాలంటే మూడు పోల్స్‌నీ సిరీస్‌లో కలిపి ఇంజెక్షన్ సెట్‌తో (కావలసినంత కరెంటు పంపే పరీక్ష పరికరం) సెట్టింగ్ కరెంటు పంపి వేడెక్కనిచ్చి, తర్వాత 1.5 రెట్లు పంపి టైము చూడాలి. 4 నిమిషాలు దాటితే పక్కన పెట్టేయాలి. అయినా నెలకోసారి బటన్ నొక్కండి. మెకానిక్ "డైరెక్ట్" చేసి వెళ్లాడేమో కనీసం అదైనా తెలుస్తుంది.

మాగాణి_గట్టు
హెచ్‌ఆర్‌సీ బేసులు మూడూ వేయించాను, 25 ఆంపియర్ల ఫ్యూజులు. రాగి లగ్గులు కొట్టించాను. డబ్బా మీద ఎడంగా రేకు పెట్టాం. మధ్యాహ్నం 1:30 కొలతలు:
ఫ్యూజుల మీద డ్రాప్: మూడింట్లోనూ 0.1
వోల్టేజి: ఆర్-వై 384, వై-బీ 382, బీ-ఆర్ 385
కరెంటు: ఆర్ 10.0, వై 9.9, బీ 10.1
డబ్బా లోపల 48.
నాలుగు గంటలు నడిచింది, పడలేదు. సెట్టింగ్ 9.5 మీదే ఉంది. తీసిన వై కిట్‌క్యాట్ విప్పి చూస్తే క్లిప్పు ఒక పక్క నల్లగా కరిగి గుంటపడి ఉంది.

వైండింగ్_కడప
ఆ కిట్‌క్యాట్‌ని మీ మెకానిక్‌కి చూపించు, తిట్టడానికి కాదు, తర్వాతి పొలంలో అతను ముందు అదే చూడాలి కాబట్టి.

టాంగ్‌టెస్టర్
వారం తర్వాత సప్లై ఆపి స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త లగ్గులు వేడెక్కి చల్లారాక కొంచెం వదులవుతాయి. బిగించాక డ్రాప్ మళ్లీ కొలిచి ఇక్కడ రాయండి.

మాగాణి_గట్టు
వచ్చే సోమవారం లైన్‌మన్ వస్తానన్నాడు. అప్పుడే బిగించి కొలిచి రాస్తాను.